చిన్న గదిలో మంచం

ఆదివారం

నాన్నా,

నీ వాగుడుకాయ ఉత్తరం రాసిందేమిటి, ఫోను చెడిపోయిందా అని చూస్తున్నావా? ఫోను బానే ఉంది. నీ చెవులే బాలేవు. నలభై ఏళ్లు రంపం మిషను పక్కన నిలబడి సంపాదించుకున్న చెముడు. నీతో ఏదన్నా చెప్పాలంటే అమ్మ ఫోను స్పీకర్లో పెడుతుంది, పెట్టి పక్కనే కూర్చుంటుంది, నేనొక మాటంటే తను మూడు కలిపి నీ చెవిలో అరుస్తుంది. ఇది అలా అరవాల్సిన సంగతి కాదు. అందుకే కాయితం. నీ పనిబల్ల దగ్గర కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, ఒక్కడివే చదువు. అమ్మకి చూపించాలో వద్దో చదివాక నీ ఇష్టం.

ముందు అడగాల్సింది అడిగేస్తాను, తర్వాత వాగుతాను. మా మ్యూజియంలో, మేడ మీద చిన్న గదిలో ఉన్న ఒంటి మంచం నువ్వు చేసిందే కదూ? ఆ ఇంటిని మ్యూజియం చేసినప్పుడు సామాన్లన్నీ బాగుచేసింది నువ్వేనని తెలుసు. నాకప్పుడు పదేళ్లు. సాయంత్రం నువ్వొస్తే ఇల్లంతా పాలిష్ వాసన కొట్టేది. కానీ ఈ మంచం బాగుచేసింది కాదు, కొత్తగా చేసింది. ఆ మాట ఒక కాయితం మీద రాసి, సంతకం పెట్టి పంపాలి నువ్వు. కమిటీ మీటింగు ఈ శుక్రవారం కాదు, పై శుక్రవారం. ఆ లోపల రాకపోతే నా ఉద్యోగం పోతుంది. ఉద్యోగం ఒక్కటే అయితే నిన్నింత కంగారు పెట్టేదాన్ని కాదు.

తొమ్మిదేళ్లుగా అక్కడ గైడుగా చేస్తున్నాను, నువ్వొక్కసారి కూడా నా టూరుకి రాలేదు. వచ్చినా వినపడదుగా అంటావు. సరే, ఇక్కడే చదువుకో. పదకొండింటికి ఒక టూరు, మూడింటికి ఒకటి. చెప్పులకి గుడ్డ సంచులు తొడిగించి ఇరవై మందిని లోపలికి తీసుకెళ్తాను. ఇది డాక్టరమ్మగారు పేషెంట్లని చూసిన గది, ఇది ఆవిడ స్టెతస్కోపు, ఇది పసిపిల్లల్ని తూచిన త్రాసు. ఊళ్లో మొట్టమొదటి లేడీ డాక్టరు. ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్లు ఇప్పుడు మనవల్ని వెంటబెట్టుకుని టూరుకొస్తారు. మేడ మీద రెండు గుమ్మాలకి అడ్డంగా తాళ్లు కట్టి ఉంటాయి. మొదటిది డాక్టరమ్మ పడక గది, పెద్ద మంచం. రెండోది చిన్న గది. అక్కడ నిలబడి నేను చెప్పాల్సిన మాటలివీ: 'డాక్టరమ్మగారి పుస్తకాలు టైపు చేసిన సహాయకురాలు ఈ గదిలో, ఈ మంచం మీద పడుకునేవారు. డాక్టరమ్మగారు జీవితమంతా వైద్యానికే అంకితమై ఒంటరిగా ఉండిపోయారు.' మేనేజరుగారు అచ్చు వేయించి ఇచ్చిన స్క్రిప్టు. అక్షరం పొల్లు పోకూడదు. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తాను.

ఒంటరిగానట! నాన్నా, వాళ్లిద్దరూ ఆ ఇంట్లో ముప్ఫయ్యొక్క ఏళ్లు కలిసున్నారు. కింద హాల్లో గాజుపెట్టెలో డాక్టరమ్మ ఆ టైపిస్టుగారికి రాసిన ఉత్తరం ఒకటుంది. ఏదో ఊళ్లో కలరా వస్తే వైద్యం చెయ్యడానికి వెళ్లి రాసింది. అది సగానికి మడిచి పెట్టారు. పై సగంలో రోగాలూ మందులూ. గాజు తుడిచే వంకన కింది సగం నేను ఎప్పుడో చదివేశాను. 'ఇక్కడ మంచం మరీ పెద్దది. నువ్వు నా పక్కకి కాళ్లు తోసెయ్యకపోతే నిద్రెలా పడుతుంది' అని ఉంది. మేనేజరుగారిని అడిగితే, 'ఆ రోజుల్లో స్నేహితులు అలాగే రాసుకునేవారమ్మా' అన్నారు. ఆయన స్నేహితులెవరూ ఆయనకి అలా రాసి ఉండరు. ఆ మొహానికి కరెంటు బిల్లు తప్ప ఏమీ రాదు.

ఇప్పుడు అసలు సంగతి.

నా రూమ్మేటు, అమ్మ 'పొడుగమ్మాయి' అనే మనిషి, నా రూమ్మేటు కాదు నాన్నా. నేను ప్రేమించిన మనిషి. ఎనిమిదేళ్లుగా మేం ఆలుమగల్లాగే కాపరం చేస్తున్నాం. ఎవరు ఆలు, ఎవరు మగడు అని మాత్రం అడక్కు, గిన్నెలు తోమే దగ్గర ఆ తగువు మాకే ఇంకా తేలలేదు. నాకు సంబంధాలు చూసినప్పుడల్లా నేను ఏదో వంక పెట్టి తప్పించుకోవడం, అక్క నన్ను 'కళ్లు నెత్తికెక్కాయి దీనికి' అని తిట్టడం, అన్నిటికీ కారణం ఇదే. కళ్లు నెత్తికెక్కలేదు. చెప్పడానికి నోరు రాలేదు, అంతే. వాగుడుకాయకి నోరు రాకపోవడమేమిటి అంటావా? వాగేవాళ్లకి దాచుకోవడం ఇంకా తేలిక నాన్నా. అన్నీ చెప్పేస్తారని అందరూ అనుకుంటారు కదా.

మేము ఈ ఫ్లాటులోకి వచ్చినప్పుడు నువ్వు రెండు ఒంటి మంచాలు చేసి పంపావు, గుర్తుందా? చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. ఏమనగలను? తీసుకెళ్లి ఆ రెంటినీ పక్కపక్కన జరిపి మంచం కోళ్లని తాడుతో కట్టాం. ఏడేళ్లుగా ఆ మధ్య సందులోకి దిండ్లు జారుతూనే ఉన్నాయి. మీరు వస్తున్నారని ఫోను రాగానే తాడు విప్పి, చెరో గోడకీ ఈడ్చి, మధ్యలో కుర్చీ పెట్టేవాళ్లం. మీరు బస్సెక్కగానే మళ్లీ ఈడ్చేవాళ్లం. పోయినసారి వచ్చినప్పుడు నువ్వు కోళ్ల కింద రబ్బరు బిళ్లలు కొట్టి, 'నేల పాడవుతోంది' అని ఊరుకున్నావు. నీకు తెలిసిపోయిందనుకుని వారం రోజులు అన్నం సయించలేదు. తర్వాత నువ్వేమీ అనకపోయేసరికి, హమ్మయ్య అనుకున్నాను. హమ్మయ్య అనుకున్నందుకు సిగ్గేసింది కూడా.

మూడు వారాల కిందట తను నిచ్చెన మీంచి పడింది. ఎలక్ట్రీషియన్ కదా, అంత పొడుగుకి నీకు నిచ్చెనెందుకే అని ఎప్పుడూ ఏడిపించేదాన్ని. తుంటి ఎముక విరిగింది. ఫోను రాగానే టూరు నడిమధ్యలో వదిలేసి ఆస్పత్రికి పరిగెత్తాను. స్ట్రెచరు మీద ఉంది, మొహం పాలిపోయి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని. కౌంటర్లో అమ్మాయి ఫారం నింపుతూ 'మీరేమవుతారు?' అంది. అక్కడ మనకి తెలిసినవాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేరు నాన్నా. ఏం చెప్పినా ఎవరికీ తెలిసేది కాదు. తను నా మొహంలోకే చూస్తోంది. నేను 'రూమ్మేటునండి' అన్నాను. తడుముకోనైనా తడుముకోలేదు, స్క్రిప్టు అప్పజెప్పినట్టు అప్పజెప్పాను. 'అయితే ఇంటివాళ్లని పిలిపించండి, సంతకం వాళ్లే పెట్టాలి' అంది ఆ అమ్మాయి. తను నా చెయ్యి వదిలేసి కళ్లు మూసుకుంది. వాళ్లక్క వేరే ఊరినుంచి వచ్చేదాకా ఏడు గంటలు ఆపరేషను ఆగిపోయింది. ఆ ఏడు గంటలూ నేను బయట స్కూటర్ల స్టాండు దగ్గర నిలబడ్డాను. వేరే మాట చెప్పుంటే మాత్రం నన్ను సంతకం పెట్టనిచ్చేవారా అంటే, ఏమో. కానీ నేను చెప్పలేదు కదా.

ఆస్పత్రి నుంచి పంపించిన రోజు తను మా ఇంటికి రాలేదు. వాళ్లక్క వాళ్ల ఇంటికి వెళ్లింది. కారెక్కుతూ ఒకే ఒక్క మాటంది, 'నన్ను కూడా చిన్న గదిలో పడుకోబెట్టావు కదూ.' నా టూరు ఇంట్లో వందసార్లు విన్న మనిషి, తగలాల్సిన చోటే తగిలేలా అంది.

ఆ తర్వాత వారానికి మ్యూజియంలో చెదల మందు కొట్టే రోజు వచ్చింది. ఏడాదికోసారి మేడ మీద సామానంతా కదిపి, బోర్లించి కొడతారు. అంతకుముందు ఎప్పుడూ కింద హాలు నా వంతుకొచ్చేది, ఈసారి మేడ పడింది. చిన్న గదిలో మంచం ఒక పక్క నేను, ఒక పక్క తోటమాలి పట్టుకుని తిరగేశాం. అడుగున పట్టె మీద మూడు ఉలిగాట్లు. పక్కన పెన్సిలుతో తేదీ, దాని కింద 'కొత్తది' అని నీ రాత. మన ఇంట్లో ప్రతి బల్ల కిందా, ప్రతి పీట కిందా ఉండే గుర్తు. నువ్వు బాగుచేసిన దాని మీద 'పాతది' అనీ, నువ్వే చేసిన దాని మీద 'కొత్తది' అనీ రాస్తావు కదా. చిన్నప్పుడు బల్లల కింద దూరి అవి చదువుకుంటూనే నేను అక్షరాలు నేర్చుకున్నాను. నాన్నా, ఆ తేదీ నాటికి డాక్టరమ్మ పోయి రెండేళ్లు! ఆ మంచం మీద ఎవరూ ఎప్పుడూ పడుకోలేదు. తొమ్మిదేళ్లు నేను జనానికి ఒక అబద్ధాన్ని చూపిస్తున్నాను, అదీ మా నాన్న చేతి అబద్ధం.

ఆఫీసు బీరువాలో ఇల్లు అప్పగించిన నాటి జాబితా ఉంటే తీసి చూశాను. 'పడక గది: పెద్ద మంచం ఒకటి, దిండ్లు నాలుగు. చిన్న గది: టైపు మిషను, బీరువా, కుర్చీలు రెండు.' చిన్న గదిలో మంచమన్న మాటే లేదు.

మొన్న మంగళవారం మూడింటి టూరులో చేతికర్రతో ఒక పెద్దావిడ వచ్చింది. తాడు పట్టుకుని వంగి, ఆ మంచాన్ని చూసి, 'పాపం, ముప్ఫై ఏళ్లు ఆవిడ ఇంత ఇరుకులో పడుకుందా?' అంది. నేను స్క్రిప్టు చెప్పడానికి నోరు తెరిచాను. 'లేదండీ, ఈ మంచం మా నాన్న చేశాడు' అని వచ్చేసింది నోట్లోంచి. అందరూ నవ్వారు. ఇంక ఆగలేదు. జాబితాలో ఉన్నది చెప్పాను, ఉత్తరం కింది సగం చెప్పాను. 'వాళ్లు తమని తాము ఏమని పిలుచుకున్నారో నాకు తెలీదు, రాసిపెట్టలేదు. నాకు తెలిసిందల్లా ఒకటే ఇల్లు, ఒకటే మంచం, ముప్ఫయ్యొక్క ఏళ్లు. దాన్ని ఒంటరితనం అని మాత్రం ఇంక అనలేను' అన్నాను. ఆ పెద్దావిడ కళ్లు తుడుచుకుంది. ఇంకొకాయన మాత్రం సందర్శకుల పుస్తకంలో ఒక పేజీ నిండా తిట్లు రాసి, మేనేజరుగారి గదిలోకి వెళ్లి మరీ అరిచి వెళ్లాడు.

మ్యూజియం కమిటీ అధ్యక్షుడు ఎవరో నీకు తెలుసుగా, డాక్టరమ్మ తమ్ముడి కొడుకు. 'మా అత్తయ్య పరువు తీసింది' అని ఆయన గంగవెర్రులెత్తిపోతున్నాడట. మీటింగులో నేను క్షమాపణ చదివి, స్క్రిప్టు దాటనని సంతకం పెట్టాలి. లేకపోతే ఇంటికి. అప్పటిదాకా నన్ను టూర్లనుంచి తీసేసి టికెట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. మంచం కొత్తదని మేనేజరుగారికి చెప్తే, 'ఆ గీతలు ఎవరు గీశారో ఏం సాక్ష్యం? జాబితాలో రాయడం మర్చిపోయుంటారు' అన్నారు. సాక్ష్యం నువ్వే నాన్నా. బతికున్నవాళ్లలో ఆ సంగతి తెలిసింది అధ్యక్షుడికీ నీకూ. ఆయన చెప్పడు.

నేను నిన్ను అడిగేది రెండు. ఆ మంచం సంగతి రాసివ్వు. రెండోది, ఈ ఉత్తరం చదివాక కూడా నేను నీ కూతుర్నేనా అన్నది కూడా, కుదిరితే, రాయి.

నీ వాగుడుకాయ


సోమవారం

నాన్నా,

ఎనిమిది రోజులైంది. నిన్న అమ్మ ఫోను చేసింది. వాతావరణం గురించి మాట్లాడింది, అక్క పిల్లాడి దగ్గు గురించి మాట్లాడింది, 'నాన్న ఏం చేస్తున్నాడు' అంటే 'కొట్టంలో ఏదో వెతుక్కుంటున్నాడు' అంది. స్పీకర్లో పెట్టలేదు. ఏడేళ్లలో మొదటిసారి అమ్మ స్పీకర్లో పెట్టలేదు. నాకు అర్థమైపోయింది.

నిన్ననే వాళ్లక్క ఇంటికి వెళ్లి తనని చూసొచ్చాను. చేతికర్రలతో నాలుగడుగులు వేస్తోంది. నేను మంగళవారం టూరులో జరిగింది గొప్పగా చెప్పుకున్నాను. మెచ్చుకుంటుందనుకున్నాను, చూడు నా తెలివి. అంతా విని, 'పోయినవాళ్ల గురించి చెప్పడానికి నీకు బాగానే నోరొచ్చిందే' అంది. ఒళ్లు మండింది నాకు. ఉద్యోగం మీదకి తెచ్చుకున్నానే అని అరిచాను. తను అరవలేదు. 'వాళ్లకి ఇంక నొప్పి లేదు. నాకు ఆ స్ట్రెచరు మీద నొప్పిగా ఉంది' అంది. మళ్లీ తనే, 'మీ నాన్నకి చెప్పావా?' అనడిగింది. ఉత్తరం రాశానన్నాను. 'ఏమన్నాడు?' ఏమీ అనలేదన్నాను. తను తలాడించింది. జాలిపడింది నామీద. అది మరీ భరించలేకపోయాను.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను, చేతకావడం లేదు. కోపం మాత్రం ఉంది. కూతురు ఇలాంటిదని తెలిస్తే బాధ ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఒక మంచం గురించి నిజం రాయడానికి కూడా నీకు చెయ్యి రాలేదా? ప్రతి పీట కిందా 'పాతది', 'కొత్తది' అని రాసుకునే మనిషివి కదా నువ్వు! అంత నిజాయితీపరుడివి అబద్ధపు మంచం ఎందుకు చేశావు? ఇరవయ్యారేళ్లు ఎందుకు మాట్లాడలేదు? సరేలే. నేనూ తొమ్మిదేళ్లు మాట్లాడలేదు. ఎవరికి పుట్టాను మరి.

క్షమాపణ రాసేశాను. పది వాక్యాలు. చివరి వాక్యం 'డాక్టరమ్మగారు ఒంటరిగా ఉండిపోయారు' అనే. శుక్రవారం పొద్దున పదిన్నరకి చదువుతాను. ఉద్యోగమైనా మిగుల్తుంది, ఇంట్లో ఎలాగూ ఎవరూ లేరు. మంచాల తాడు విప్పేశాను. ఒకటి నాకు, ఒకటి బట్టలు ఆరేసుకోవడానికి.

నువ్వు ఏమీ రాయక్కర్లేదు. మందులు వేళకి వేసుకో.

నేను


బుధవారం

అమ్మా వాగుడుకాయా,

నీ రెండో ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. పోస్టులో వేస్తే ఇది శుక్రవారం పదిన్నరలోపు చేరదు, మీ బావ రేపు మీ ఊరు వస్తున్నాడు, అతని చేతికిచ్చి పంపుతున్నాను. కవరు గట్టిగా అంటించాను. లోపల బరువుగా ఉన్నదేమిటని అడిగితే మేకులని చెప్పాను.

నేను జవాబు రాయక కాదు. నాలుగుసార్లు రాసి చింపాను. నాకు కొయ్య మీద గీత గీయడం వచ్చుగానీ ఇలాంటివి రాయడం రాదు. పైగా ఆ పాత నోటుబుక్కు కోసం కొట్టమంతా గాలించాను. దొరికింది. ఆ మంచం కొలతలు, బొమ్మ, దాని పక్కన అధ్యక్షుడుగారు తన చేత్తో రాసినది ఉన్నాయి: 'ఒంటి మంచం. పాతదానిలా కనపడాలి. అడుగున గుర్తులేమీ వెయ్యవద్దు.' ఆ కాయితం, నా సంతకంతో నా మాట, రెండూ ఇందులో పెట్టాను.

ఎందుకు చేశావని అడిగావు. చెప్తాను. ముందు నాకు పెద్ద మంచం బాగుచెయ్యమని ఇచ్చారు. విప్పి చూశాను. రెండు పక్కలా పట్టెలు ఒకే తీరుగా అరిగి ఉన్నాయి. లేచేటప్పుడు చెయ్యి ఆనించే చోటు, కాలు దించే చోటు, ఇటూ అటూ సమానంగా. ఒక్కరు పడుకున్న మంచం అలా అరగదు. వడ్రంగికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాత ఆయన చిన్న గదికి కొత్త మంచం చెయ్యమన్నప్పుడు అది ఎందుకో కూడా నాకు అర్థమైంది. మనకెందుకులే అనుకున్నాను. టీ డికాషనూ మసీ కలిపి పూసి, గొలుసుతో అక్కడక్కడా కొట్టి, యాభై ఏళ్ల మంచంలా చేశాను. బాగా కుదిరింది, గర్వపడ్డాను కూడా.

మ్యూజియం తెరవడానికి రెండు రోజుల ముందు నేను ఆ గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. ఒక ముసలావిడ మెట్లెక్కి వచ్చింది. సన్నగా ఉంది, నడుం వంగింది. గుమ్మంలో నిలబడి 'ఈ మంచం ఎవరిది నాయనా?' అంది. 'సహాయకురాలిదటండి' అన్నాను. ఆవిడ లోపలికొచ్చి, దాని మీద చెయ్యి వేసి నిమిరింది. కొత్త కొయ్య అని నిమరగానే తెలిసిపోతుంది. 'పని బాగుంది' అంది. అని, పక్క గది గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, లోపలికి వెళ్లకుండానే దిగిపోయింది. కింద తోటమాలిని అడిగితే, ఆవిడే టైపు చేసే అమ్మ అన్నాడు. అధ్యక్షుడుగారు ఆవిణ్ణి ఎప్పుడో ఇల్లు ఖాళీ చేయించారట.

ఆవిడ మొహం మీదే ఆవిడకి తన మంచం కానిది తనదని చెప్పాను. వెనకాలే పరిగెత్తుంటే దొరికేది. పరిగెత్తలేదు. తలుపేసి, మంచం బోర్లించి, గుర్తు వెయ్యద్దన్న చోటే గుర్తు వేసి 'కొత్తది' అని రాశాను. ఎప్పటికైనా ఎవరో ఒకరు బోర్లిస్తారనుకున్నాను. అది నువ్వే అవుతావనుకోలేదు. నా పిరికితనం నీ నోటితో తొమ్మిదేళ్లు పలికించాను. అందుకు నన్ను క్షమించమ్మా.

మీ అమ్మకి ఉత్తరం చూపించాను. ఈ ఇంట్లో కవరు దాచే చోటెక్కడుంది? చదివి ఒక పూటంతా మాట్లాడలేదు. నాకు చెవులు పూర్తిగా పోయాయేమోనని భయమేసింది. ఏడ్చింది. ఇంకా ఏడుస్తోంది, నీతో చెప్పడంలేదు. నిన్న కూర తరుగుతూ, 'ఆ పొడుగమ్మాయి కాలు ఎలా ఉందో అడగండి' అంది. కాబట్టి అడుగుతున్నాను, ఎలా ఉంది? మీ అమ్మకి కొంచెం సమయం ఇవ్వు. నువ్వు ఎనిమిదేళ్లు తీసుకున్నావు, ఆవిడకి ఎనిమిది నెలలన్నా ఇవ్వు.

నువ్వు నా కూతురివేనా అని అడగడం నాకు నచ్చలేదు. ఇంకెప్పుడూ అలా రాయకు.

శుక్రవారం పదిన్నరకి నేను మీటింగుకి వస్తున్నాను. నన్ను ఎవరూ పిలవక్కర్లేదు, ఆ మెట్లన్నీ నేను బిగించినవే. అధ్యక్షుడుగారు ఆ రాత తనది కాదంటే, నా ఎదురుగా అనమను. నా వంతు నేను చెప్తాను. మిగిలింది నువ్వు చెప్పాలి. ఆ క్షమాపణ కాయితం చింపెయ్. ఉద్యోగం పోతే పోనీ, అది మనకి తెలిసిన కష్టమే. నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టి, నాకు వినపడేలా గట్టిగా చెప్పు.

ఇప్పుడు నీ మంచాల సంగతి. మీ ఫ్లాటుకి కొలతలు తియ్యడానికి వచ్చినప్పుడు పడక గది ఒక్కటే ఉందని చూశాను. ఆ అమ్మాయి టేపు ఒక కొస పట్టుకుంది, నువ్వు ఒక కొస పట్టుకున్నావు. మీరిద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్న తీరు కూడా చూశాను. నాకు చెవులు లేవుగానీ కళ్లున్నాయి. మీ అమ్మ ఇద్దరమ్మాయిలకి రెండు ఒంటి మంచాలు చెయ్యమంది. మళ్లీ ఇంకో చిన్న గది మంచం చెయ్యడం నావల్ల కాలేదు. పెద్ద మంచం చేసి పంపే ధైర్యమూ లేకపోయింది. అందుకని రెండు చేశాను, కానీ కలిసేటట్టు చేశాను.

రెండింటికీ లోపలి పట్టెల్లో రెండేసి చిల్లులు వేశాను. దుమ్ము దూరకుండా అదే చెక్కతో బిరడాలు బిగించి, చిత్రిక పట్టి, పాలిష్ చేశాను. చిన్నప్పుడు ప్రతి బల్ల కిందా దూరేదానివి కదా, వారంలో కనిపెట్టేస్తావనుకున్నాను. నా అతుకు కనపడకూడదన్న పిచ్చిలో మరీ కనపడకుండా చేసినట్టున్నాను. పోయినసారి తాడు రాసుకున్న గుర్తులూ, నేల మీద గీతలూ చూసి, అయ్యో దీనికి తెలియలేదే అనుకున్నాను. చెప్పబోయి, రబ్బరు బిళ్లలు కొట్టి వచ్చేశాను.

ప్రతి మంచానికీ లోపలి పట్టె మీద తలవైపునుంచి రెండు జానలు, కాళ్లవైపునుంచి రెండు జానలు కొలువు. గోటితో తడిమితే గుండ్రంగా తగుల్తుంది. స్క్రూడ్రైవరు పెట్టి మెల్లిగా తడితే బిరడా ఊడొస్తుంది. రెండు మంచాలూ ఆనించి బోల్టులు దూర్చు. రెండు బోల్టులు, రెండు నట్లు ఈ కవర్లో పెట్టాను. ఏడేళ్లనుంచి నా సొరుగులోనే ఉన్నాయి, కాస్త నూనె రాశాను. సందు ఉండదు, వెంట్రుక కూడా దూరదు.

ఒక్కదానివే బిగించకు, వంకరపోతుంది. ముందు వెళ్లి ఆ అమ్మాయిని తీసుకురా. నిలబడలేకపోతే కుర్చీలో కూర్చోబెట్టు, ఫర్వాలేదు. ఒకరు ఇటునుంచి బోల్టు కదలకుండా పట్టుకోవాలి, ఒకరు అటునుంచి పానాతో తిప్పాలి.

మీ నాన్న